నర్సింగ్‌లో చేరేముందు సీఎన్ఏగా పనిచెయ్యాలా?

డాలస్ పక్క ఊరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. మొత్తం వెయ్యడానికి చోటు చాలదు కాబట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 34 ఏళ్ళు. గుంటూరులో బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యేదాకా ఒక స్కూల్లో సైన్స్ చెప్పారు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భర్త వీసాతో పాటు వచ్చే హెచ్‌4 వీసా మీద అమెరికా వచ్చారు. భర్తకి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ కావడంతో ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు కూడా చేతికొచ్చింది గానీ, పాప చిన్నదని ఇన్నాళ్ళూ ఉద్యోగం జోలికి వెళ్ళలేదు. పాప ఇప్పుడు ఫస్ట్ గ్రేడ్. ఇక నర్సింగ్ చదివి ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అవ్వాలని ఆమెకు గట్టిగా ఉంది.

దానికి ముందు సీఎన్ఏగా, అంటే నర్సు కింద రోగికి స్నానం, తిండి, పక్క మార్చడం లాంటివి చూసే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంటుగా చెయ్యాలా అని ఎవరిని అడిగితే వాళ్ళు ఒకటి చెబుతున్నారట. పక్క వీధిలో ఉండే మలయాళీ నర్సు ఒకావిడ, "ముందు ఏడాది పాటు సీఎన్ఏగా చెయ్యి, లేకపోతే రోగుల దగ్గరికి పంపే మొదటి క్లినికల్ రోజే పారిపోతావు" అంటున్నారు. కమ్యూనిటీ కాలేజీలో ఇప్పుడే నర్సింగ్ రెండో సెమిస్టర్‌లో ఉన్న తెలుగు స్నేహితురాలేమో, "నేను చెయ్యలేదు, నన్నెవరూ అడగలేదు, టైం వేస్ట్" అని తేల్చేసింది. భర్త ఫీజు కడతానంటున్నాడు గానీ, "నర్స్ అవ్వు, కాదన్ను. డైపర్లు మార్చే పని మాత్రం ఎందుకు, మనకేం తక్కువ?" అంటున్నాడు. ఆర్నెల్లకని వచ్చిన అత్తగారు (పోయినేడు మోకాలి ఆపరేషన్ అయింది) "పరాయి మగాళ్ళకి స్నానాలు చేయించడానికా ఇంతదూరం వచ్చింది?" అని రెండు రోజులు మాట్లాడలేదట.

ఉత్తరం మధ్యలో ఇంకో సంగతి ఉంది. కొన్నేళ్ళ క్రితం నాన్నగారికి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈమె ఇండియా వెళ్ళారు. ఒక మధ్యాహ్నం ఆయన పక్క తడిపేసుకుంటే మార్చలేక, వాంతి వచ్చినట్టయి బయటికి వచ్చేశారు. ఆయాకి డబ్బులిచ్చి ఆ పని చేయించారు. "ఆ తర్వాత నాన్న కళ్ళలోకి చూడలేకపోయాను" అని రాశారు. చివర్లో అడిగింది ఇది: "సీఎన్ఏగా చేస్తే నేను ఈ వృత్తికి పనికొస్తానో లేదో తేలిపోతుందా? తేలకుండానే ఇంత డబ్బు కట్టి చేరితే ఎలా? నాకు సిజేరియన్ అయినప్పటి నుంచి నడుము నొప్పి కూడా ఉంది, పైగా శాకాహారిని." ఇవి కాక స్క్రబ్స్ (పనిలో వేసుకునే యూనిఫాం) గురించి ఒక చిన్న ప్రశ్న. దానికి ఆఖర్న వస్తాను.

మీ ప్రశ్నకంటే ముందు నాన్నగారి సంగతి దగ్గర ఆగుతాను. మీరు నాలుగు వాక్యాల్లో రాసి దాటేశారు గానీ, ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోందని నాకనిపించింది. అమెరికాలో ఏ కోర్సు ముందు చెయ్యాలన్నది పైకి కనిపించే ప్రశ్న. ఆ రోజు గదిలోంచి బయటికి వచ్చేసినదాన్ని నేను నర్సునెలా అవుతానన్నది అసలు దిగులు.

ఆ మధ్యాహ్నం జరిగినదాన్ని మీరు మీ మీదే సాక్ష్యంగా పెట్టుకున్నారు. అది చెల్లదు. మీకు ఆ పని ఎవరూ నేర్పలేదు. మన దగ్గర పెద్ద ఆసుపత్రుల్లో కూడా రోగికి ఒళ్ళు తుడవడం, తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం చాలావరకు అటెండెంటుగా కూర్చున్న ఇంటివాళ్ళ మీదే పడుతుంది. లేదంటే ఆయా చేతిలో ఎంతో కొంత పెట్టాలి. నేర్పేవాళ్ళుండరు, ఒక్కోసారి గ్లవ్స్ కూడా ఉండవు. అన్నిటికీ మించి ఆయన మీ నాన్న. జన్మంతా తలుపు వేసుకుని బట్టలు మార్చుకున్న మనిషి కూతురి ముందు అలా పడుకోవాల్సి రావడం ఆయనకెంత చిన్నతనమో, చూడాల్సి రావడం మీకూ అంతే. పాతికేళ్ళ సర్వీసున్న నర్సులు సొంత తల్లికి ఎనీమా ఇవ్వాల్సి వస్తే, తోటి నర్సుని పిలిచి తాము వరండాలో నిలబడడం నేను చూశాను. వాళ్ళని ఎవరూ పనికిరానివాళ్ళనరు.

అదే పని సీఎన్ఏ క్లాసులో ఎలా నేర్పిస్తారో చెబుతాను. తలుపు తట్టి లోపలికి వెళ్ళి, మీరెవరో చెప్పి, ఏం చెయ్యబోతున్నారో చెబుతారు. కర్టెన్ లాగుతారు. మీ నడుము వంగకుండా మంచం ఎత్తు పెంచుకుంటారు. టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పట్టి, వేడి సరిపోయిందో లేదో ఆయన్నే ముట్టుకుని చెప్పమంటారు. మొదట కళ్ళు తుడవాలి, సబ్బు లేకుండా, ముక్కు వైపు నుంచి బయటి వైపుకి. రెండో కంటికి గుడ్డలో శుభ్రంగా ఉన్న ఇంకో భాగం. ఒంటిమీద దుప్పటి తియ్యరు. ఏ చెయ్యి తుడుస్తున్నారో అది ఒక్కటే బయటికి తీసి, తుడిచి, తడి ఒత్తి, మళ్ళీ కప్పేస్తారు. అయ్యాక మంచం కిందికి దించి, కాల్ లైట్ చేతికందేలా పెట్టి, గ్లవ్స్ తీసేసి చేతులు కడుక్కుంటారు. పరీక్షలో ఎగ్జామినర్ పక్కనే నిలబడి ఇవే చూస్తారు. వీల్‌చైర్‌కి బ్రేకులు వెయ్యకుండా మనిషిని లేపితే అంతే సంగతులు. మూత్రం కొలిచే అంశం వస్తే, కొలపాత్రని చదునైన చోట పెట్టి, కళ్ళు ఆ గీత మట్టానికి దించి చదివి, మిల్లీలీటర్లలో రాయాలి.

చెయ్యాల్సింది ఇంత వివరంగా తెలిసినప్పుడు అసహ్యం పూర్తిగా పోదు, కొంచెం వెనక్కి జరుగుతుంది. తర్వాత ఏం చెయ్యాలో తెలియకుండా నిలబడ్డప్పుడే వాసన ఎక్కువ కొడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పుతుంది, అన్నం సయించదు. మాస్క్ లోపల మెంథాల్ రాసుకునేవాళ్ళుంటారు, నోటితో గాలి పీల్చేవాళ్ళుంటారు. ఎన్నేళ్ళైనా కఫం సక్షన్ చేస్తుంటే మొహం తిప్పుకునే మంచి నర్సులు నాకు తెలుసు. తక్కిన ఏ పనికీ వాళ్ళు వెనకాడరు.

కాబట్టి సీఎన్ఏగా చేస్తే తేలిపోతుందా అంటే, సగం తేలుతుంది. పరాయి మనిషి ఒంటిమీద చెయ్యి వెయ్యగలనా, మతిమరుపుతో తిట్టే ముసలాయనకి ఓపిగ్గా తినిపించగలనా, రాత్రంతా నిలబడగలనా అన్నవి తెలుస్తాయి. ఆర్‌ఎన్ పని మీకు సరిపడుతుందా అన్నది మాత్రం తెలియదు. బీపీ పైఅంకె 88కి పడిపోయిందని చూసి నర్సుకి చెప్పడం సీఎన్ఏ పని. ఎందుకు పడింది, పొద్దున ఇవ్వాల్సిన బీపీ మాత్ర ఆపాలా, డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యాలా అన్నది ఆర్‌ఎన్ తలనొప్పి. సైన్స్ టీచరుగా చేసినవారు కదా, మీకు నచ్చేది ఆ రెండో భాగమే కావచ్చు. అది సీఎన్ఏ యూనిఫాంలో మీ చేతికి రాదు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే వృద్ధులు నెలలు, ఏళ్ళ తరబడి ఉండే చోటు. కొత్త సీఎన్ఏలకి ముందు దొరికేవి అక్కడి ఉద్యోగాలే. మంచివీ ఉన్నాయి. సిబ్బంది చాలక ఒక్కరే పదిహేను, ఇరవైమందిని చూసుకోవాల్సి వచ్చేవీ ఉన్నాయి. అలాంటి చోట మూడు నెలలు నలిగి, నర్సింగ్ అంటేనే దణ్ణం పెట్టేసినవాళ్ళున్నారు. వాళ్ళకి పడనిది నర్సింగ్ కాదు, ఆ షిఫ్టు. మీరు దీన్ని ఒక పరీక్షగా తీసుకుని వెళితే, చెడ్డ చోట పడ్డ పాపానికి మీరు ఫెయిలయ్యారని అనుకునే మనిషిలా కనిపిస్తున్నారు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక స్నేహితురాలు, ఆ మలయాళీ ఆవిడ అన్న మాటలు. ఇద్దరూ ఎవరి అనుభవం వాళ్ళు చెబుతున్నారు. అమెరికాలో నర్సింగ్ కాలేజీలన్నిటికీ ఒకే రూలు లేదు. కొన్ని కాలేజీలు చేరేనాటికి సీఎన్ఏ సర్టిఫికెట్ ఉండి తీరాలంటాయి. కొన్ని పాయింట్లు లెక్కేసి సీట్లిస్తాయి, ఆరోగ్యరంగంలో పనిచేసిన అనుభవానికి అందులో ఒకటో రెండో పాయింట్లుంటాయి. చాలావాటికి దీంతో పనేలేదు, సైన్స్ సబ్జెక్టుల్లో మార్కులూ ఎంట్రన్స్ స్కోరూ చూస్తాయి. మీరు కారులో వెళ్ళి రాగలిగిన కాలేజీలు ఎన్నున్నాయి, మూడా నాలుగా? వాటి ఇన్ఫర్మేషన్ సెషన్లకి వెళ్ళి ఈ ఒక్క ముక్క అడగండి. ఒక సాయంత్రంలో తెలిసిపోయేదానికి ఇంట్లో నెలరోజులుగా వాదనలవుతున్నాయి.

వెళ్ళినప్పుడు మీ బీఎస్సీ సంగతి కూడా అడగండి. అది ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందన్న ఊసే మీ ఉత్తరంలో లేదు, నా లెక్కలో సీఎన్ఏ కంటే ఇది పెద్దది. డిగ్రీ ఉన్నవాళ్ళ కోసం యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అనే నర్సింగ్ డిగ్రీ ఉంది, ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది. దానికి అమెరికా నాలుగేళ్ళ డిగ్రీతో సమానమైన డిగ్రీ కావాలి. మన మూడేళ్ళ బీఎస్సీని, విదేశీ డిగ్రీలకి విలువ కట్టే ఇవాల్యుయేషన్ సంస్థలు అన్నీ ఒకేలా చూడవు. డబ్ల్యూఈఎస్ వంటివి మంచి క్లాసులో పాసై, కాలేజీకి నాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) ఇచ్చిన మంచి గ్రేడ్ ఉంటే కొన్ని మూడేళ్ళ డిగ్రీలని సమానంగా లెక్కిస్తాయి. లేదంటే మూడేళ్ళ చదువుగానే రాస్తాయి. ఏ సంస్థ రిపోర్టు తమకి చెల్లుతుందో కాలేజీనే చెబుతుంది. ఇవాల్యుయేషన్‌కి డబ్బు కట్టేముందు అది కనుక్కోండి. అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ మాత్రం ఎలాగూ మళ్ళీ చదవాల్సి రావచ్చు. సైన్స్ క్రెడిట్లకి అయిదేళ్ళో ఏడేళ్ళో గడువు పెట్టే కాలేజీలు చాలా ఉన్నాయి. ఆ పైన టీస్ గానీ హెసీ గానీ, ఏదో ఒక ఎంట్రన్స్ పరీక్ష రాయాలి. మీ తోవలో అసలైన గేటు ఈ సబ్జెక్టులే. అనాటమీలో సి వస్తే, ఏడాది సీఎన్ఏ అనుభవం దాన్ని పూడ్చలేదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం, మీవారికి అది అర్థమవుతుంది. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మే నాటికి నర్సింగ్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక జీతం 39,530 డాలర్లు, ఆర్‌ఎన్‌లది 93,600 డాలర్లు. ముందు ఏడాది పాటు సీఎన్ఏగా చేసి తర్వాత చదువు మొదలుపెడితే ఆ 39 వేలు సంపాదించినట్టు కనిపిస్తుంది. నిజానికి మీ వరుసలో చివరన ఒక ఏడాది ఆర్‌ఎన్ జీతం తగ్గిపోతుంది. స్కూలయ్యాక పాపని ఎక్కడ ఉంచాలన్న ఖర్చు దీనికి అదనం. అందుకే "ముందు ఏడాది సీఎన్ఏ" అన్న సలహాలో నాకు ఇబ్బందిగా ఉన్నది సీఎన్ఏ కాదు, ఏడాది అన్న మాట.

మరి ఎలా చెయ్యొచ్చు? నాకు కనిపించే దారులు చెబుతాను.

కోర్సు మాత్రం చేసి, ఉద్యోగం గురించి తర్వాత చూసుకోవడం ఒకటి. 1987 నాటి ఫెడరల్ చట్టం సీఎన్ఏ శిక్షణ కనీసం 75 గంటలు ఉండాలంటుంది. మీ టెక్సస్‌లో 100 గంటలు, అందులో 60 క్లాసులో, 40 నర్సింగ్ హోమ్‌లో రోగుల దగ్గర. నాలుగైదు వారాల్లో అయిపోయే బ్యాచులుంటాయి. మీ భయానికి ఆ 40 గంటలు చాలావరకు సమాధానం చెబుతాయి, అదీ పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా. అవి అయ్యాక "నావల్ల కాదు" అనిపిస్తే పోయేది నెలరోజులూ కోర్సు ఫీజూ. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. జీతం తీసుకుని ఆ పని చెయ్యకుండా వరుసగా 24 నెలలు గడిచిపోతే రాష్ట్రం నడిపే సీఎన్ఏల రిజిస్ట్రీలో మీ సర్టిఫికెట్ నిలవదు, మళ్ళీ మొదటికొస్తుంది. నర్సింగ్ సీటుకి పాయింట్ల కోసం చేస్తున్నట్టయితే ఈ తేదీ లెక్కలో పెట్టుకోండి. ఫీజు కట్టేముందు ఇంకోటి తెలుసుకోండి: మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమాలు తీసుకునే నర్సింగ్ హోమ్ మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుని శిక్షణ ఇప్పిస్తే దానికి మీ దగ్గర డబ్బు వసూలు చెయ్యకూడదు. బదులుగా ఇన్ని నెలలు ఇక్కడే పనిచెయ్యాలని కాగితం మీద సంతకం అడిగితే మాత్రం, చదవకుండా పెట్టకండి.

కోర్సు చేసి, వారాంతాల్లో మాత్రం పనిచేస్తూ, మామూలు రోజుల్లో అనాటమీ, మైక్రోబయాలజీ పూర్తిచెయ్యడం ఇంకో దారి. ఆసుపత్రుల్లో ఇదే పనికి పీసీటీ (పేషెంట్ కేర్ టెక్నీషియన్) అనో పీసీఏ అనో పేరుంటుంది. పీఆర్‌ఎన్ అంటే అవసరమైనప్పుడు పిలిచే ఉద్యోగం, నెలకి కొన్ని షిఫ్టులు చేస్తే చాలు. శని, ఆదివారాలు పాప మీవారి దగ్గర ఉంటుంది. చదువుతున్న కిడ్నీ పాఠం, వార్డులో కొలిచిన మూత్రం ఒకే వారంలో కళ్ళముందు కలిస్తే పాఠం మర్చిపోరు. కొన్ని ఆసుపత్రులు తమ ఉద్యోగులకి నర్సింగ్ ఫీజులో సాయం చేస్తాయి, ఏడాదికి 5,250 డాలర్ల దాకా దానిమీద పన్నుండదు. మీకు ఫెడరల్ విద్యా సాయం హెచ్‌4 మీద రాదు కాబట్టి ఆ సాయం చిన్నదేం కాదు. పార్ట్‌టైం వాళ్ళకి ఇస్తారా, ఎన్నాళ్ళు చేశాక ఇస్తారు అని అడగండి. దీని నష్టం చెప్పాలంటే, వారంలో ఏడు రోజులూ మీవి కాకుండా పోతాయి. మిడ్‌టర్మ్ ముందురోజు 12 గంటల షిఫ్టు పడితే ఏది వదులుకుంటారో ఇప్పుడే అనుకోవాలి. నన్నడిగితే షిఫ్టు.

మీ స్నేహితురాలి దారి, నేరుగా చదువులో చేరిపోవడం. ఇందులో తప్పేం లేదు. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, బీపీ చూడటం మొదటి సెమిస్టర్‌లో ఎలాగూ నేర్పిస్తారు. సీఎన్ఏ అనుభవం ఉన్నవాళ్ళు మొదటి నెల కాస్త ధీమాగా ఉంటారు, సెమిస్టర్ చివరికి అందరూ ఒకటే. చాలామందికి తెలియనిది ఏమిటంటే, మొదటి సెమిస్టర్ ఫండమెంటల్స్ పాసైన విద్యార్థుల్ని అనేక ఆసుపత్రులు సీఎన్ఏ సర్టిఫికెట్ లేకపోయినా పీసీటీగానో నర్స్ ఎక్స్‌టర్న్‌గానో తీసుకుంటాయి. నా దృష్టిలో ఆ పని ఎక్కువ నేర్పించేది అప్పుడే, ఎందుకంటే చూస్తున్నదేమిటో అప్పుడు తెలుస్తుంది. ఈ దారిలో మీకున్న ఇబ్బంది ఒక్కటే: ఆ మధ్యాహ్నం తాలూకు భయాన్ని ఫీజు కట్టేదాకా మోసుకెళ్ళాలి. మొయ్యగలరా అన్నది మీకే తెలియాలి. ఉత్తరాన్ని బట్టి నాకైతే కష్టమే అనిపించింది, అందుకే మొదటి రెండు దారులవైపు నా మొగ్గు ఎక్కువ.

ఫుల్‌టైం సీఎన్ఏగా ఏడాది చెయ్యడం మీ పరిస్థితుల్లో నాకు తక్కువ నచ్చే దారి. కాలేజీ అది తప్పనిసరి అంటే తప్పదు. ఇంకొక సందర్భంలో కూడా అర్థం ఉంది. ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్నాను, ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాలన్నా బెదురు అని రాశారు. టెక్సస్ ముసలివాళ్ళ సాగదీసే యాసలో రోజుకి ఎనిమిది గంటలు వింటే మీ చెవి తెరుచుకుంటుంది, మాట కూడా వస్తుంది. నర్సింగ్ చదువులో అది నిజంగా అక్కరకొస్తుంది. కానీ అందుకు ఏడాది ఫుల్‌టైం అక్కర్లేదు, వారాంతాలు చాలు.

నడుము సంగతి తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో పనిచేస్తూ వెన్ను, భుజం గాయాల పాలయ్యేవాళ్ళలో నర్సింగ్ అసిస్టెంట్లది ముందు వరుస. రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పడం, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, జారిపడుతున్న మనిషిని పట్టుకోబోవడం, దెబ్బలు తగిలేది ఇక్కడే. నర్సింగ్‌లో చేరకముందే డిస్క్ జారితే మొత్తం ప్లాను పోతుంది. ముందు డాక్టరుకి చూపించి, ఫిజియోథెరపీ చేసి, ఎంత బరువు ఎత్తొచ్చో రాయించుకోండి. ఇంటర్వ్యూలో సిగ్గుపడకుండా అడగండి: షిఫ్టులో ఒక్కొక్కరికి ఎంతమంది, రోగిని ఎత్తే హోయర్ లిఫ్టులు పనిచేసే స్థితిలో ఉన్నాయా, లిఫ్టు వాడేటప్పుడు ఇద్దరు ఉంటారా? జవాబు నసిగితే ఆ ఉద్యోగం వద్దు. ఆర్‌ఎన్ అయ్యాక కూడా మొదటి ఒకటి రెండేళ్ళు బెడ్‌సైడ్ పని ఉంటుంది కాబట్టి ఈ డాక్టరు సలహా సీఎన్ఏ చెయ్యకపోయినా కావాలి.

శాకాహారం గురించి ఒక్క మాట. మీరు తినక్కర్లేదు గానీ తినిపించాలి. బీఫ్ ముక్క కోసి, మెత్తగా చేసి, చెంచాతో నోటికి అందించాలి, ఆయన మింగాడో లేదో చూడాలి. నర్సింగ్ కాలేజీలోనూ ఇది తప్పదు. ఆ ప్లేటు చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుందా, మొహం చిట్లించకుండా ఉండగలరా అన్నది ఇంట్లోనే ఆలోచించుకోండి. నాకు తెలిసిన శాకాహారులు చాలామంది రెండో వారానికే అలవాటుపడ్డారు.

మీవారితో మాట్లాడేటప్పుడు సీఎన్ఏ గురించి వాదించకండి, ముందు ఆర్‌ఎన్ అంటే ఏమిటో చెప్పండి. ఆర్‌ఎన్ అయితే డైపర్లు మార్చక్కర్లేదని ఆయన అనుకుంటున్నట్టున్నారు. ఐసీయూలో రోగిని శుభ్రం చేసేది చాలాసార్లు ఆర్‌ఎన్నే. తుడుస్తూనే వీపు మీద చర్మం ఎర్రబడిందా, పుండు మొదలవుతోందా అని చూస్తుంది. ఆ పని వద్దంటే నర్సింగే వద్దన్నట్టు. ఇది ఆయనకి ఫీజు కట్టాక మూడో సెమిస్టర్‌లో తెలియడం కంటే ఇప్పుడు తెలియడం మేలు.

"మనకేం తక్కువ" అన్న మాట వెనక ఇంకొకటి ఉంది. ఒంటి మురికి ఎవరు ముట్టుకోవాలన్న లెక్క మన ఇళ్ళల్లో కులంతో పాటు వచ్చింది. దాన్ని విమానం ఎక్కించి ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. గుంటూరులో ఆయాకి డబ్బులిచ్చినప్పుడు ఆవిడ ఆ పని చెయ్యడం మీకు వింతగా తోచలేదు, మీరు చెయ్యాల్సి రావడమే వింతగా తోచింది. ఇది నిందగా అనట్లేదు, మనలో చాలామందిమి అంతే. మీ అసహ్యంలో వాసన ఎంత, నేర్చుకున్న చిన్నతనం ఎంత అని ఒకసారి విడదీసి చూసుకోండి. మొదటిది పనిలో తగ్గుతుంది, రెండోది దానంతటది తగ్గదు. భోజనాల దగ్గర ఈ చర్చ పెట్టకండి, గొడవవుతుంది.

అత్తగారి విషయంలో ఒప్పించే బాధ్యత మీవారిది, మీది కాదు. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఎవరు స్నానం చేయించారో అడగాలని నాకు నోరు దురదపెడుతోంది. మీరు మాత్రం అడగకండి, ఆ మాట పదేళ్ళు ఇంట్లో తిరుగుతుంది. మగ రోగుల విషయం మటుకు మీరు ముందే తేల్చుకోండి. ఆడవాళ్ళకి మాత్రమే చేస్తానంటే ఇక్కడ ఉద్యోగం ఉండదు. రోగి తనకి ఆడమనిషే కావాలని అడగొచ్చు, మీరు అడగలేరు.

ఏ దారి అనుకున్నా ఈఏడీ కార్డు మీద తేదీ చూసుకోండి. రెన్యూవల్ ఆలస్యమై పాత కార్డు గడువు దాటితే పని ఆపాల్సి రావచ్చు, పని ఆగితే ఫీజు సాయమూ ఆగుతుంది. చదువుకి మాత్రం హెచ్‌4 చాలు, కార్డు లేకపోయినా క్లాసులకి వెళ్ళొచ్చు. అందుకే ఫీజులకి ఆసుపత్రి ఇచ్చే సాయం మీదే ఆధారపడకుండా లెక్క వేసుకోండి. రాష్ట్రంలో ఉండేవాళ్ళకి తక్కువగా ఉండే ఇన్‌-స్టేట్ ఫీజు మీకు వర్తిస్తుందో లేదో కాలేజీ రెసిడెన్సీ ఆఫీసులో అడగండి, ఇన్-స్టేట్‌కీ అవుట్-ఆఫ్-స్టేట్‌కీ తేడా చాలా ఉంటుంది.

చివరిది స్క్రబ్స్ ప్రశ్న. వేసుకుని ఇంటికొస్తే పాప వచ్చి వాటేసుకుంటుంది, అత్తగారు పూజగది దగ్గర ఊరుకోరు, ఏం చెయ్యాలని అడిగారు. పనికి వాడే బూట్లు గరాజ్‌లోనే విప్పండి, ఇంట్లోకి తేవద్దు. గరాజ్ పక్కనే లాండ్రీ ఉంటే స్క్రబ్స్ అక్కడే విప్పి నేరుగా మెషీన్లో వెయ్యండి, ఇంట్లో బట్టలతో కలపకుండా వేడినీళ్ళ సైకిల్ పెట్టండి. అక్కడొక నైటీ తగిలించి ఉంచుకుంటే సరి. స్నానమయ్యాక పాపని ఎత్తుకోండి. అయిదు నిమిషాలు ఆగమంటే ఫస్ట్ గ్రేడ్ పిల్ల ఆగుతుంది. మీ అత్తగారికి ఈ పద్ధతి మడి కంటే కఠినంగా కనిపిస్తుంది కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఆవిడ మీకే ఓటు వేస్తారు.